నడి ఎండలో చల్లటి నీరు



ఉగాది వెళ్లిందంటే విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో తొందర మొదలవుతుంది. ఏడాది పొడవునా అక్కడ హడావిడే గానీ, ఈ రోజుల హడావిడి తీరు వేరు. డీజిలు పోసేవాళ్లు, ఐసు గడ్డలు కొట్టి పలుగుతో బోటు అడుగుకి తోసేవాళ్లు, బియ్యం బస్తాలు మోసేవాళ్లు, అందరి నోటా ఒకటే మాట: ఇంకొక్క తడవ వెళ్లి రావాలి. ఎందుకంటే ఏప్రిల్ 14 అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. 15వ తేదీ నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరం పొడవునా మరబోట్లు, ఇంజను బిగించిన పడవలు వేటకు వెళ్లకూడదు. గడువు దాటాక సముద్రంలో కనిపించిన బోటుకు జరిమానా, పట్టుకొచ్చిన సరుకు జప్తు. ఆ భయంతో చివరి వారంలో బోట్లన్నీ ఒక్కసారిగా ఒడ్డుకు చేరతాయి. జెట్టీ దగ్గర చోటు చాలక ఒకదాని పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి కట్టేస్తారు. చివరి బోటులో వాళ్లు నేల మీద కాలు పెట్టాలంటే నాలుగైదు బోట్లు దాటి రావాలి.

మనం బళ్లో ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని చదువుకున్నాం. ఈమధ్య కొత్తగా కొలిచి 1,053 కిలోమీటర్లని తేల్చారు. సముద్రం పెరగలేదు, కొలిచే పద్ధతి మారింది. మలుపులన్నీ లెక్కలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం వైపు డొంకూరు నుంచి తడ దాకా ఇంత పొడవునా ఒకే తేదీన వేట ఆగుతుంది. అయితే ఆగేది ఇంజను వేట. తెడ్డు వేసుకుని, తెరచాప ఎత్తుకుని వెళ్లే తెప్పకు నిషేధం లేదు. అందుకే వేసవి మొదట్లో సముద్రం మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఏప్రిల్ 15 తరవాతే కనిపిస్తుంది. అప్పటిదాకా పెద్ద బోట్ల చప్పుడుకి ఓ మూలకు ఒదిగి ఉన్న చిన్న తెప్పలు తెల్లవారుజామున నేల గాలి పట్టుకుని బయటికి వెళ్తాయి, పొద్దెక్కి సముద్రపు గాలి తిరిగాక దానితోనే ఒడ్డుకొస్తాయి. మామూలు రోజుల్లో కూడా ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల నీరు సంప్రదాయ వేటకే అని 1994 నాటి మన రాష్ట్ర చట్టం చెప్తోంది. చెప్తోంది గానీ, ఆ గీత నీళ్ల మీద గీసింది కదా. ఈ రెండు నెలలే దానికి నిజంగా విలువ.

తెప్ప అంటే తెలియనివాళ్లు ఉండొచ్చు. నాలుగైదు దుంగలు చెక్కి, ముందు భాగం కాస్త పైకి లేచేలా పక్కపక్కన పెట్టి తాడుతో బిగించి కట్టింది. దానికి అడుగు లేదు, గోడ లేదు. కెరటం మీద పడితే నీరు సందుల్లోంచి కిందికి జారిపోతుంది, అందుకే మునగదు. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసకలో ఆరబెడతారు. ఇప్పుడు కర్ర తెప్పలు తగ్గిపోయి ఫైబరువి వచ్చాయి. వాటిలో చాలావాటికి ఇంజన్లూ వచ్చాయి. ఇంజను ఉన్నది ఈ రెండు నెలలూ ఒడ్డున ఉండాల్సిందే.

ఇప్పుడు నీటి సంగతి. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం భీమిలి దారిలో ఎక్కడైనా ఒడ్డుకు దిగండి. ఇసకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. పరుగెత్తుకుని వెళ్లి నీళ్లలో కాలు పెడితే ఒక్కోరోజు ఒళ్లు ఝల్లుమంటుంది. అంత ఎండలో నీరు అంత చల్లగా ఎలా ఉంది? నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయనని అడిగితే, "కింద నీరు పైకొచ్చింది బాబూ, ఇంక కవళ్లు దరికొస్తాయి" అంటాడు. ఆ మాటలో ఉన్నది అక్షరాలా నిజం.

మన ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. మార్చి నుంచి గాలి కూడా అదే దిక్కుగా, ఒడ్డు వెంబడే, నైరుతి నుంచి వీస్తుంది. గాలి ఎటు వీస్తే నీరు అటే పోతుందనుకుంటాం. కానీ భూమి తిరుగుతోంది కాబట్టి మన ఉత్తరార్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపు ఒరుగుతుంది. ఈశాన్యానికి ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు ఉన్నది నడిసముద్రం. అంటే ఎండకు కాగిన పైనీరు మెల్లగా లోపలికి జరిగిపోతుంది, ఆ ఖాళీని పూడ్చడానికి అడుగునున్న చల్లటి నీరు ఒడ్డు దగ్గర పైకి లేస్తుంది. ఆ నీరు వట్టి చేతులతో రాదు. అడుగుకు దిగి కుళ్లిన సమస్త జీవాల ఎరువూ అందులో కరిగి ఉంటుంది. దానికి ఎండ తగలగానే కంటికి కనపడని నాచు పుడుతుంది. ఆ నాచును తినే చిన్న పురుగులు, వాటిని తినే చేపపిల్లలు, వెనకే కవళ్లు, నెత్తళ్లు, వాటి వెనక కానాగంతలు, వీటన్నిటినీ తరుముకుంటూ వంజరం, కోనాం.

ఈ సంగతిని థర్మామీటర్లు దించి లెక్క కట్టింది మన విశాఖలోనే. 1950ల మొదట్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతం నీటిని పరీక్షించాడు. తూర్పు తీరంలో నీరు ఎప్పుడు పైకి లేస్తుంది, ఎప్పుడు కిందికి దిగుతుంది అన్నదాని మీద ఆయన వ్యాసం 1954లో వచ్చింది. ఈ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న ఒక లోయకు ఆంధ్ర అని, ఇంకొకదానికి మహదేవన్ అని పేర్లు పెట్టిన బృందంలోనూ ఆయన ఉన్నాడు. మన ఊళ్లో సముద్ర విజ్ఞానం అలా మొదలైందన్న సంగతి బీచి రోడ్డు మీద సాయంత్రం షికారు చేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

వేట నిషేధం ఈ నెలల్లోనే ఎందుకంటే, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అంటారు. విత్తనం చల్లిన మడిలోకి గొడ్లను తోలం కదా, అదే న్యాయం. మొదట్లో ఈ నిషేధం మే 31తో అయిపోయేది, మొత్తం 47 రోజులు. 2015 నుంచి 61 రోజులు చేశారు. పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 దాకా. నేను ఈ నిషేధాన్ని సమర్థించేవాణ్నే. కానీ పై కారణం మాత్రం సగమే సరిపోతుంది. చల్లని దేశాల చేపల్లా మన వెచ్చటి నీటి చేపలు ఏడాదికి ఒక్క రుతువు చూసుకుని గుడ్లు పెట్టవు. చాలా జాతులు విడతలు విడతలుగా, నెలల తరబడి పెడతాయి. ఒక జాతికి ఏప్రిల్ అదను అయితే ఇంకొకదానికి ఆగస్టు. బెంగాలు నుంచి కన్యాకుమారి దాకా అన్ని జాతులకూ ఒకే తేదీ పెట్టడంలో చేపల సౌకర్యం కన్నా కచేరీల సౌకర్యం ఎక్కువుంది. అయినా లాభం లేకపోలేదు. ఏడాదంతా ట్రాల్ వల ఈడ్చుకుపోయిన సముద్రపు అడుగు రెండు నెలలు ఊపిరి పీల్చుకుంటుంది. చల్లనీటి మేత తిని ఒడ్డు దగ్గర పెరుగుతున్న పిల్ల చేపకు రెండు నెలల వయసు కలిసొస్తుంది. రెండు నెలలంటే దానికి తక్కువేం కాదు.

ఒడ్డు దగ్గర పిల్లచేప ఎంతుంటుందో చూడాలంటే పెద్దవల లాగేచోటికి వెళ్లాలి. కొన్నిచోట్ల అలివి వల అంటారు. వల ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంటుంది. మిగిలినదంతా పడవలో వేసుకుని కెరటాలు దాటి లోపలికి వెళ్లి, అర్ధచంద్రాకారంగా వదులుకుంటూ చుట్టి, అల్లంత దూరాన రెండో కొస ఒడ్డుకు తెస్తారు. ఇక రెండు జట్లు. ఒక్కో జట్టులో పదిహేను, ఇరవై మంది. ప్రతివాడి నడుముకీ ఒక చిన్న తాడు, దాని చివర ముడి. ఆ ముడిని వల మోకుకి మెలేసి, వీపుతో వెనక్కి వాలి, మడమలు ఇసకలో దించి అడుగు అడుగుగా వెనక్కి నడుస్తారు. అందరికన్నా వెనక ఉన్నవాడు ఇసకదిబ్బ దాకా చేరగానే ముడి విప్పుకుని నీటి అంచుకు పరుగెత్తి మళ్లీ ముందు తగులుకుంటాడు. ఇలా ఆ గొలుసు తెగకుండా తిరుగుతూనే ఉంటుంది. నడుం మీద ఆ తాడు రాసి రాసి నల్లటి కాయ కట్టిపోతుంది. ఆ మచ్చ చూసి మనిషి వృత్తి చెప్పెయ్యొచ్చు. గంట దాటుతుంది, ఒక్కోసారి రెండు గంటలు. రెండు జట్లూ మెల్లమెల్లగా దగ్గరవుతాయి. ఆఖరుకి వల నడుమ ఉన్న సంచి నురగలోకి వచ్చేసరికి అప్పటిదాకా వచ్చిన హైలెస్సా ఆగిపోయి అందరూ నీళ్లలోకి దూకుతారు.

సంచి విప్పితే ముందు కనిపించేది మెరుపు. కవళ్లు, కారలు, నెత్తళ్లు, అడుగున రెండు పీతలు, అంగుళం వెడల్పున రిబ్బనులా మెలికలు తిరిగే సావిడాయలు, అదృష్టం బాగుంటే ఒకటో రెండో పండుగప్పలు. ఇంకా ఒకటి ఉంటుంది: వేలెడు పొడవైనా లేని పిల్లలు, ఏ జాతివో పోల్చుకోవడానికి కూడా వీల్లేనంత చిన్నవి. రెండు దోసిళ్లు ఎత్తితే వందలుంటాయి. గంపలోకి ఎత్తినవి పోగా ఇసకలో మిగిలినవి కాకులకు, కుక్కలకు. పెద్దవలవాళ్లది చిన్న వేట, పేదల వేట. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఇరవై మంది వాటాలు వేసుకుంటే ఒక్కొక్కరికి ఆ పూట కూరకు, కాస్త బియ్యానికి సరిపడా వస్తుంది. కానీ ఆ దోసిలి మాత్రం ఒకసారి చూసినవాళ్లకి గుర్తుండిపోతుంది.

వేసవి మొదటి వేటలో అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎండ. అనకాపల్లి జిల్లా పూడిమడక గాలపు వేటకు, ట్యూనాకు పేరు. చిన్న ఫైబరు పడవల మీద, చేతి గాలాలతో, తమ బరువుకు దగ్గరగా తూగే చేపని లాగుతారు. కొమ్ముకోనాం తగిలితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ ముక్కు పొడిస్తే ప్రాణమే పోతుంది, పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంత కష్టపడి లాగిన ట్యూనాని ఐసు లేకుండా పడవలో ఎండలో వదిలేస్తే ఏమవుతుంది? చేపలోని బాక్టీరియా దాని మాంసంలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. తింటే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలపోటు వస్తుంది. ముఖ్యమైన సంగతేమంటే, ఎంత ఉడికించినా, వేయించినా హిస్టమిన్ పోదు. కానాగంతలకూ ఇదే ప్రమాదం. అందుకే మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు ఉండాలంటారు. చిన్న పడవలో అంత ఐసు ఎక్కడ పెడతారు? ఎక్కినంత ఎక్కిస్తారు, పైన తడి గోనె కప్పుతారు. ఒడ్డుకొచ్చేసరికి సగం నీరవుతుంది. కొనేవాడు దవడ ఎత్తి మొప్పలు చూసి ధర తగ్గిస్తాడు. ఎండ ఎక్కే కొద్దీ పాట పడిపోతుంది. పొద్దున్న ఏడింటికి ఒక ధర, పదింటికి ఇంకో ధర.

"తొందరగా తేల్చమ్మా, నువ్వు బేరమాడే లోపల సేప ఉడికిపోతాది" అని గంప ముందు కూర్చున్న అప్ప కసురుకుంటే కోపం రావలసిన పనిలేదు. అది నిజంగా ఉడికేదే.

ఎండ ఒకరికి శత్రువైతే ఇంకొకరికి కూలి లేని పనివాడు. ఏప్రిల్, మే నెలల్లో నెత్తళ్లు ఇసకలో పరిస్తే ఒకటి రెండు రోజుల్లో గలగలలాడతాయి. సావిడాయలను దండెం మీద బట్టల్లా వేలాడదీస్తారు. కాస్త పెద్ద చేపని చీల్చి, ఉప్పు పట్టించి, ఒక పూట నీడలో ఉంచి ఆ పైన ఎండలో వేస్తారు. వానాకాలంలో పల్లెల్లో, ఏజెన్సీ సంతల్లో అమ్ముడయ్యే ఎండుచేపలో చాలావరకు ఈ రెండు మూడు నెలల ఎండ ఉంటుంది. పని మొత్తం ఆడవాళ్లదే. పరవడం, గంటకోసారి తిరగెయ్యడం, కాకుల్ని తోలడం, సాయంత్రం ఎత్తి కుప్పపెట్టడం. ఇసకలో కాకుండా పందిళ్ల మీద ఎండబెడితే ధర బాగా వస్తుందని అందరికీ తెలుసు. పందిరి వెయ్యాలంటే ముందు చేతిలో డబ్బుండాలి.

నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఇదివరకు 4 వేలు ఉండేది, 2019లో 10 వేలయింది, 2025లో 20 వేలయింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో పంచడం మొదలుపెట్టారు. 20 వేలను 61 రోజులకు పంచితే రోజుకు 330 రూపాయలకు లోపు. ఇదివరకటితో చూస్తే మంచి పెంపే. కానీ ఆ లెక్క బోటెక్కి వేటకు వెళ్లే మగవాడి పేరున. హార్బరులో పాటకు చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని గాజువాకో, మధురవాడో తిరిగి అమ్ముకునే మనిషికీ ఆ రెండు నెలలూ సరుకు ఉండదు. ఆమె పేరు ఏ జాబితాలోనూ పడదు. అప్పు తెచ్చుకుంటుంది, వడ్డీ జూన్ తరవాత కడుతుంది.

శ్రీకాకుళం తీరంలో వేసవి ఇంకోలా ఉంటుంది. అక్కడ మగవాళ్లలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్తారు. సొంత తీరంలో పెద్ద బోటు కట్టుకునే జెట్టీలు లేకపోవడం దానికి ఒక పెద్ద కారణం. వాన తగ్గుతుండగా వెళ్లినవాళ్లు ఎండలు ముదిరే వేళకు ఇళ్లకొస్తారు. పెళ్లిళ్లు, గ్రామదేవత పండగలు, ఇంటికి పైకప్పులు వెయ్యడాలు, అన్నీ అప్పుడే. 2018 నవంబరులో ఇలా వెళ్లినవాళ్లే హద్దు దాటారని పాకిస్తాన్‌కు చిక్కారు. ఇరవై మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టారు. ఆ కథతోనే తండేల్ సినిమా వచ్చింది. తెర మీద తుఫానూ, జైలూ చూసి చప్పట్లు కొట్టాం. ఊరి ముందే సముద్రం పెట్టుకుని రెండు వేల కిలోమీటర్ల అవతల సముద్రానికి ఎందుకు పోవలసి వచ్చింది అన్న ప్రశ్న మాత్రం సినిమా హాలు బయట నిలబడే ఉంది.

హార్బరులో ఈ రెండు నెలలూ ఖాళీ ఏమీ ఉండదు. బోట్లను గట్టుకు లాగి, అడుగున పట్టిన గుల్లల్ని గీకి, పలకల సందుల్లో నూలు కూరి, రంగు వేస్తారు. ఇంజను విప్పితే ఎక్కడలేని ఖర్చూ అందులోంచే బయటపడుతుంది. నీడ దొరికినచోటల్లా వలలు పరిచి, కాలి బొటనవేలికి ఒక కొస తగిలించుకుని చిరిగిన కన్ను ఒక్కోటి అల్లుకుంటూ కూర్చుంటారు.

ఆ కన్ను దగ్గరే నా అసలు మాట. ట్రాల్ వలకు చివర ఒక సంచి ఉంటుంది, చేపంతా చేరేది అందులోకే. మామూలుగా ఆ సంచి కన్ను వజ్రాకారంగా ఉంటుంది. ఒడ్డున పరిచినప్పుడు వేలు దూరుతుంది. నీళ్లలో బరువు పడి సాగేసరికి ఆ కన్ను మూసుకుపోతుంది, పిల్లచేప కూడా బయటికి పోలేదు. అదే కన్నును చదరంగా అల్లితే ఎంత లాగినా తెరుచుకునే ఉంటుంది. 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను పెట్టండని శాస్త్రజ్ఞులు ఏళ్లుగా చెప్తున్నారు. కేరళ ఇంకో అడుగు ముందుకేసింది. ఏ చేప ఎంత పొడవు లేకపోతే పట్టకూడదో 2015లోనే నిర్ణయించింది. కానాగంత 14 సెంటీమీటర్లు, నూనె కవళ్లు 10 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నది బోటులో కనిపిస్తే జరిమానా.

మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. జూన్ 14 రాత్రి గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, బోటు ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి బయలుదేరుతారు. మొదటి తడవల్లో రొయ్య బాగా పడుతుంది, కానాగంతలు, గులివిందలు బుట్టలకు బుట్టలు దిగుతాయి, ధర పడిపోతుంది, ఊరంతా చేపల కూరే. నాలుగైదు వారాలు గడిచాయో లేదో, రెండు నెలలు దాచిపెట్టిన పిల్లచేప అదే పాత కన్ను సంచిలో పడి జెట్టీ మీదికి వస్తుంది. దానికి పాట ఉండదు. పారలతో ఎత్తి లారీలో వేస్తారు, కోళ్ల మేత మిల్లుకు పోతుంది. కిలో ఎంతకు పోయిందని అడిగితే చెప్పడానికి కూడా సిగ్గుపడతారు.

ఏప్రిల్ 15న బోటు కదిలిందా లేదా అని చూడటానికి కాపలా ఉంటుంది. మిగతా 304 రోజులూ వల కన్ను కొలిచే స్కేలు పట్టుకుని జెట్టీ మీద నిలబడిన ఉద్యోగి నాకింతవరకు ఎదురుపడలేదు. ఈ వేసవిలో వలలన్నీ ఒడ్డునే పరిచి ఉంటాయి. కొలవడానికి ఇంతకన్నా సులువైన సమయం దొరకదు.